లినక్సు వాడువారికి ఆటలు లేవా?

పాత ల్యాప్‌టాప్ విండోస్ బరువు మోయలేక చతికిలబడినందుననో, కాలేజీ ల్యాబులో అలవాటైన వాతావరణమే ఇంటను ఉండవలెనను కోరికతోనో, లైసెన్సు రుసుము చెల్లింపనక్కరలేని ఆ స్వేచ్ఛ మనసుకు నచ్చియో, మీరు మీ కంప్యూటరులో లినక్సు వేసుకొన్నారు. చదువు సాగుచున్నది, ప్రోగ్రాములు నడుచుచున్నవి, యంత్రము మునుపటికంటె చురుకుగనే పలుకుచున్నది. అంతయు సవ్యముగా నుండగా ఒక శనివారము రాత్రి హాస్టలు గదిలో తోటివారందరు ఆటకు సిద్ధమగుచు మీవైపు చూచి, "నీ దాంట్లో లినక్స్ కదరా, నీకు గేమ్స్ రావులే" అని తేల్చివేసిరి. మీరును తల యూపి, ఫోను చేతబట్టుకొని ప్రక్కకు జరిగితిరి. ఆ మాట నిజమా కాదా యని ఒక్కసారియైన పరీక్షించి చూచితిరా?

ఇరువది సంవత్సరముల క్రిందట ఆ మాటలో చాలవరకు సత్యముండెను. విండోస్ ఆటలను లినక్సుకు మార్చి అమ్ముటకై 1998లో అమెరికాలో వెలసిన లోకీ అను సంస్థ నాలుగేండ్లు నిండకమునుపే, 2002 జనవరిలో, మూతపడినది. విండోస్ ప్రోగ్రాములను లినక్సుపై నడుపు వైన్ అను సాధనము 1993 నుండియు పెరుగుచునే యున్నను, దానితో ఒక్క ఆటను దారికి తెచ్చుటకు ఒక సెలవుదినమంతయు ఖర్చగుచుండెడిది. 2013లో స్టీమ్ అను ఆటల అంగడి లినక్సుకు వచ్చినది. 2018 ఆగస్టులో ఆ అంగడి యజమానులైన వాల్వ్ సంస్థవారు వైన్‌ను ఆధారము చేసికొని ప్రోటాన్ అను సాధనమును విడుదల చేసిరి. 2022లో వారే లినక్సుతో నడచు స్టీమ్ డెక్ అను చేతియంత్రమును అమ్మసాగిరి. అప్పటినుండి ఆటలు తయారుచేయు సంస్థలే లినక్సును తలచుకొనవలసిన స్థితి యేర్పడినది. చరిత్ర మనకింతమట్టుకు చాలును.

ఈనాడు మీకు అందుబాటులోనున్న ఆటలు మూడు విధములు. మూలకోడుతో సహా ఉచితముగా దొరకునవి కొన్ని. లినక్సు కొరకే తయారైన రూపములో వెలకు దొరకునవి కొన్ని. విండోస్ కొరకు తయారై ప్రోటాన్ ద్వారా నడచునవి కొన్ని. ఎంత యత్నించినను నడువనివియు కలవు. వాటి సంగతియు దాచక చెప్పెదను. అసలు దోషమెక్కడ జరుగుచున్నదనగా, చాలమంది ఈ నాలుగవ తరగతి ఆటతోనే మొదలుపెట్టి, అది నడువక, తక్కిన మూటివైపు కన్నెత్తియైన చూడక, లినక్సులో ఆటలే లేవని నిశ్చయించుకొందురు. కావున మనము క్రమము మార్చి ముందుకు సాగుదము.

1. మీ యంత్రములో బొమ్మలు గీయుచున్నది ఎవరో మొట్టమొదట తెలిసికొనుడు.

డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచున్న ఒక అమ్మాయిని ఊహించుకొనుడు. మంచి ల్యాప్‌టాపే, ఉబుంటు అను లినక్సు వేసుకొన్నది, ఒక చిన్న కార్ల పందెపు ఆటను దించుకొని తెరచినది. కారు ఒక అంగుళము కదలి ఆగుచున్నది, మరల కదలుచున్నది, ఫ్యాను మాత్రము హోరెత్తుచున్నది. "లినక్స్ అంటే ఇంతే" అని ఆమె ఆటను తీసివేసినది. ఆమె చూడవలసినది ఒకే ఒక పంక్తి. సెట్టింగ్సు తెరచి, సిస్టమ్ అనుచోట అబౌట్ నొక్కినచో, ప్రాసెసరు, మెమరీల క్రింద గ్రాఫిక్స్ అను పంక్తి యొకటి కనబడును. అక్కడ ఇంటెల్ యనియో ఏఎండీ యనియో ఎన్‌విడియా యనియో ఉన్నచో భయము లేదు. ఎల్ఎల్‌వీఎంపైప్ అను పేరున్నచో మాత్రము, మీ గ్రాఫిక్స్ చిప్ నిద్రపోవుచుండగా ఆ పనినంతయు ప్రాసెసరే నెత్తిన వేసికొని చేయుచున్నదని యర్థము. అట్టి స్థితిలో ఏ ఆటయు సుఖముగా నడువదు. తప్పు ఆటదియు కాదు, లినక్సుదియు కాదు.

ఇంటెల్, ఏఎండీ చిప్పులకు కావలసిన డ్రైవర్లు మీసా అను పేరుతో లినక్సుతోడనే వచ్చును. విండోస్ అలవాటుచొప్పున తయారీదారు వెబ్‌సైటుకు పోయి డ్రైవరు కొరకు వెదకుట అనవసరమైన శ్రమ మాత్రమే కాక, ఒక్కొక్కప్పుడు సరిగానున్నదానిని చెడగొట్టుకొనుటయు అగును. ఎన్‌విడియా చిప్ ఉన్నవారు మాత్రము ఉబుంటులోని అడిషనల్ డ్రైవర్స్ అను కిటికీ తెరచి, అందులో సిఫారసు చేయబడినదని గుర్తున్న డ్రైవరును ఎంచుకొనవలెను. ఇచ్చటనే అనేకులు జారిపడు తావొకటి యున్నది. మీ ల్యాప్‌టాపులో సెక్యూర్ బూట్ పనిచేయుచున్నచో, డ్రైవరు వేయునప్పుడు ఒక పాస్‌వర్డు పెట్టుకొమ్మని అడుగును. కంప్యూటరు మరల మొదలగునప్పుడు నీలిరంగు తెరయొకటి ప్రత్యక్షమగును. ఆ తెరను చూచి, ఏదియో పాడైనదని బెదరి, పైనున్న కంటిన్యూ బూట్ అను వరుసనే నొక్కివేయువారు ఎందరో! అట్లు నొక్కినచో డ్రైవరు డిస్కులోనికి చేరినను ఎన్నడును మేలుకొనదు. ఆ తెరపై ఎన్‌రోల్ మాక్ అను వరుసను ఎంచుకొని, ఇందాక పెట్టుకొన్న పాస్‌వర్డునే యిచ్చి, ఆ పిమ్మట రీబూట్ చేయవలెను. ఆ తెర కొన్ని సెకన్లలోనే తానై మాయమగును గనుక, కంప్యూటరు మొదలగునప్పుడు దాని యెదుటనే కూర్చుండుడు.

ఇంటెల్ చిప్పును, ఎన్‌విడియా కార్డును రెండును గల ల్యాప్‌టాపులలో ఆట బొమ్మపై కుడిక్లిక్కు చేసినచో, డిస్క్రీట్ గ్రాఫిక్స్ కార్డుతో తెరువుమను వరుస కనబడును. బరువైన ఆటలకు దానిని వాడుడు. తేలికైన ఆటలకు వాడకున్నచో బ్యాటరీ నిలుచును.

2. కొనుటకు ముందు, ఊరకనే దొరకువానిని ఆడి చూడుడు.

ఉచితమనగానే నాసిరకమని తలచు అలవాటు మనలో కొంతయున్నది. ఆ భావమును తొలగించుటకు ఒక్క ఆట చాలును. అది ది బ్యాటిల్ ఫర్ వెస్నాథ్. 2003లో డేవిడ్ వైట్ అను ఆయన మొదలుపెట్టగా, ఆ తరువాత ప్రపంచమునందలి అనేకులు చిత్రములు గీసియు, సంగీతము కూర్చియు, కథలు వ్రాసియు పెంచిన యుద్ధతంత్రపు ఆట యిది. సాఫ్ట్‌వేర్ సెంటరులో పేరు వెదకినచో దొరకును. కొన్ని వందల ఎంబీల డేటా ఖర్చగును. పదేండ్లనాటి ల్యాప్‌టాపులోను నడచును. లినక్సుకు క్రొత్తగా వచ్చిన వారెవరైన ఏ ఆటతో మొదలుపెట్టవలెనని నన్నడిగినచో, సందేహింపక దీని పేరే చెప్పుదును.

ఆరు మూలల గడులతో కూడిన పటముపై మీ నాయకుడు కోటలో నిలిచి, చేతనున్న బంగారముతో సైనికులను చేర్చుకొనును. ఊళ్లను పట్టుకొన్నచో ప్రతి వంతునకు బంగారము వచ్చును; గాయపడిన సైనికుడు ఊరిలో ఆగినచో వంతునకు ఎనిమిది పాయింట్ల చొప్పున కోలుకొనును. ఈ ఆటకు ప్రాణమైనది కాలము. ఉషస్సు, ఉదయము, అపరాహ్ణము, సంధ్య, రాత్రి తొలిజాము, మలిజాము అని ఆరు వంతులుగా దినము తిరుగుచుండును. ధర్మపక్షపు మానవ సైనికులకు పగటివేళ దెబ్బబలము నూటికి ఇరువదియైదు పాళ్లు పెరిగి, రాత్రి అంతే తరుగును. అస్థిపంజరములకును తక్కిన చీకటిజాతివారికిని దీనికి విపరీతముగా జరుగును. ఈ ఒక్క నియమమును ఎరుగనందువలననే మొదటిసారి ఆడువారిలో అనేకులు ఓడుచున్నారు.

ఎట్లనగా, క్రొత్తవాడు మొదటి వంతులోనే ఉన్న బంగారమంతయు వెచ్చించి, గుఱ్ఱపు రౌతులను పటము చివరకు దౌడు తీయించును. వారు శత్రువును చేరుసరికి సంధ్య వాలును. చీకటిలో రౌతుల యీటెలు అస్థిపంజరములకు గీరుకొనుటయే తప్ప దిగవు. ఏలయన ఎముకలకు పొడుచు ఆయుధము పట్టదు. తెల్లవారుసరికి రౌతులుండరు. అదే పటములో నిదానస్తుడు చేయు పని వేరు. రాత్రి రెండు జాములును ఊళ్లలోను కోటలోను నిలిచి కాచుకొని, ఉషస్సు కనబడగానే ముందునకు సాగి, అగ్నివిద్య నెరిగిన మాంత్రికులను ఎముకలపైకి పంపి, రౌతులను వెనుకనున్న శత్రు మాంత్రికునిపైకి దూకించును. బలము ఒకటే, బంగారమొకటే; కాలమును గమనించిన మాత్రమున ఫలితము తారుమారగుచున్నది. గెలిచిన ఘట్టములో అనుభవము గడించిన సైనికులను మరుసటి ఘట్టములోనికి మరల పిలిపించుకొనవచ్చును గనుక, ఒక్కొక్కరిని కాపాడుకొనవలెనను మమకారమును తానై కలుగును. 'ఎ టేల్ ఆఫ్ టూ బ్రదర్స్' అను దండయాత్ర నాలుగే ఘట్టములు గలది, దానితో మొదలుపెట్టుడు. సులభస్థాయి నెంచుకొనుటకు సిగ్గుపడకుడు.

తక్కినవానిని గురించి సంగ్రహముగా చెప్పెదను. చరిత్రయందు ప్రీతిగలవారికి జీరో ఏడీ కలదు. ప్రాచీన సామ్రాజ్యములను నిర్మించి పోరాడించు ఈ ఆటలో గ్రీకులు, రోమనులతోపాటు మౌర్యులును ఉన్నారు; చంద్రగుప్తుడు, అశోకుడు, చాణక్యుడు నాయకులుగా వత్తురు, ఏనుగుల దళములు కదలును, అశోకుడు శాసనస్తంభములు నాటించును. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఆ అశోకుని శిలాశాసనములను కన్నులార చూచినవారికి ఈ ఆట మరింత ప్రియమగునని నా నమ్మకము. అయితే దీనికి కొంత బలముగల గ్రాఫిక్స్ చిప్ ఉండవలెను. సైన్యములు పెరిగినకొలది పాత యంత్రము ఆయాసపడును. రైళ్లు, బస్సులు, ఓడలు నడిపి రవాణా సంస్థను పెంచుటలో ఆసక్తిగలవారికి ఓపెన్ టీటీడీ యున్నది. 1990లనాటి క్రిస్ సాయర్ గారి ఆటకు ఇది పునర్నిర్మాణము. 2010లో వెలువడిన 1.0 సంచిక మొదలుకొని మూల ఆట ఫైళ్లు లేకున్నను ఆడవచ్చును. నాగరికతలను వేల యేండ్లపాటు నడిపింపగోరువారికి, 1996లో డెన్మార్కు విద్యార్థులు విడుదల చేసిన ఫ్రీసివ్ కలదు.

మీ యంత్రము మరీ పాతదా? రెండు జీబీల మెమరీ మాత్రమే యున్నదా? నెట్‌హాక్ ఆడుడు. 1987లో పుట్టిన ఈ ఆటలో బొమ్మలే యుండనక్కరలేదు. టెర్మినల్‌లో అక్షరములతోనే పాతాళగృహమంతయు రూపుదాల్చును, మీరు ఈమెయిలు చిరునామాలలో కనబడు 'ఎట్' గుర్తుగా తిరుగుదురు, ఒక కుక్కపిల్లయో పిల్లికూనయో మీ వెంట వచ్చును. చచ్చినచో మొదటినుండి మొదలుపెట్టవలసినదే. కఠినమైనది, కాని దాని లోతు అపారము. పది నిమిషముల విరామములో మెదడుకు పదును కావలెననువారికి సైమన్ టాథమ్ గారి ప్రహేళికల సంపుటి కలదు. నలుబదికి చేరువగా తర్కపు ఆటలు, అన్నియు కలిపి ఒక సినిమా పాటకంటె బరువు కావు.

3. మీ తీరికను చూచుకొని ఆటను ఎంచుకొనుడు.

పరీక్షలు ముందున్నవాడు ఎప్పుడైన ఆపి లేవదగిన ఆటను ఎంచుకొనవలెను. వెస్నాథ్, ఫ్రీసివ్ వంటి వంతులవారీ ఆటలను ఏ క్షణమున మూసినను నష్టము లేదు. కర్మాగారమును నిర్మించు ఫ్యాక్టోరియో వంటిది మిక్కిలి గొప్పదే యైనను, ఇంకొక్క యంత్రము బిగించి పడుకొందమనుకొన్నవానికి కోడికూత వినిపించును. అట్టిదానిని సెలవులకు దాచుకొనుడు.

4. వెల పెట్టి కొనునప్పుడు మూడు సంగతులు చూడుడు.

మొదటిది, స్టీమ్ అంగడిలో ఆట పేజీ చివర సిస్టమ్ అవసరములు వ్రాసియుండు చోటు. అక్కడ విండోస్ సరసన 'స్టీమ్ఓఎస్, లినక్సు' అను శీర్షిక యున్నచో, ఆ ఆటకు లినక్సు రూపమే కలదని యర్థము. ఎరిక్ బరోన్ అను ఒకే ఒక వ్యక్తి యేండ్లకొలది శ్రమించి 2016లో వెలువరించిన స్టార్‌డ్యూ వ్యాలీ, ఆస్ట్రేలియాలోని టీమ్ చెర్రీ అను చిన్న బృందము 2017లో తెచ్చిన హాలో నైట్, చెక్ దేశమున తయారైన ఫ్యాక్టోరియో, పేకముక్కలతో పోరాడు స్లే ది స్పైర్, వైపునకు ఎనిమిదేసి గడులుండు చదరముపై సాగు ఇన్‌టు ది బ్రీచ్, ఇవియన్నియు అట్టివే. వీటిలో పెక్కింటికి ప్రత్యేకమైన గ్రాఫిక్స్ కార్డు అక్కరలేదు. స్టార్‌డ్యూ వ్యాలీ అయితే సాధారణమైన ఇంటెల్ చిప్పుపైననే హాయిగా నడచును. తాతగారు విడిచిపోయిన పాడుబడిన పొలమునకు పట్నపు ఉద్యోగి తిరిగి వచ్చుటతో ఆరంభమగు ఆ కథ, పల్లె విడిచి హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉద్యోగము చేయుచున్న మనవారికి ఎంతటి ఆప్యాయతను కలిగించునో వేరుగ చెప్పనక్కరలేదు.

రెండవది, ప్రోటాన్‌డీబీ అను వెబ్‌సైటు. లినక్సు శీర్షిక లేని ఆటను కొనదలచినప్పుడు ఆ పేరును ప్రోటాన్‌డీబీలో వెదకినచో, దానిని తమ యంత్రములపై ఆడి చూచినవారి అనుభవములు కనబడును. ప్లాటినమ్, గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ అను శ్రేణులు వాటినుండి యేర్పడినవే. శ్రేణిని మాత్రమే చూచి ఊరకుండుట పొరపాటు. మీ గ్రాఫిక్స్ కార్డు వంటిదే గల వారు, గడచిన రెండు మూడు మాసములలో వ్రాసినదేమో చదువుడు. మూడేండ్ల క్రిందటి నింద ఈనాడు చెల్లకపోవచ్చును. మూడేండ్ల క్రిందటి ప్రశంసయు అట్లే.

మూడవది, డబ్బు తిరిగి పొందు నియమము. కొన్న పదునాలుగు దినములలోపల, రెండు గంటలకు మించి ఆడకున్నచో, స్టీమ్‌వారు సొమ్ము వాపసు ఇత్తురు. కావున ఆటను కొని నెలల తరబడి అట్లే యుంచి, తీరిక దొరకినప్పుడు తెరచి, అది నడువకున్నచో విచారించి లాభమేమి? కొన్ననాడే తెరచి, అరగంట ఆడి చూడుడు. వేసవిలోను శీతకాలములోను స్టీమ్‌లో పెద్ద తగ్గింపులు వచ్చును గనుక, తొందర లేనివారు అంతవరకు ఆగవచ్చును. ఫ్యాక్టోరియో మాత్రము ఎన్నడును తగ్గింపుకు పెట్టబడదు, దానికొరకు ఎదురుచూచుట వ్యర్థము. దాని నమూనా భాగము ఉచితముగా దొరకును, ముందు దానిని ఆడి చూచుకొనవచ్చును.

5. ప్రోటాన్‌తో ఆడునప్పుడు ఈ పొరపాట్లు చేయకుడు.

విండోస్ ఆటకు స్టీమ్‌లో ఇన్‌స్టాల్ బటను కనబడనిచో, సెట్టింగ్సులో కంపాటిబిలిటీ అను విభాగము తెరచి, తక్కిన ఆటలన్నింటికిని స్టీమ్ ప్లే వర్తింపజేయు గుర్తు అక్కడ ఉన్నచో పెట్టుడు. అంతటితో చాలవరకు పని ముగిసినట్లే. ఒక ఆట మొండికేసినచో దానిపై కుడిక్లిక్కు చేసి, ప్రాపర్టీసులోని కంపాటిబిలిటీలో వేరొక ప్రోటాన్ సంచికను ఎంచుకొని చూడుడు. లినక్సు రూపము గల ఆటకైనను ఈ ఉపాయము పనికివచ్చును. ఏలయన కొన్ని సంస్థలు లినక్సు రూపమును ఒకసారి విడుదల చేసి, పిమ్మట పట్టించుకొనక విడిచిపెట్టగా, విండోస్ రూపమే ప్రోటాన్‌పై మెరుగుగా నడచుట కలదు.

ఇప్పుడొక సాధారణ సన్నివేశము. ఒకే ల్యాప్‌టాపులో విండోసును లినక్సును రెండును ఉంచుకొన్న కుర్రవాడు, చోటు కలిసివచ్చునని, లినక్సులోని స్టీమ్‌కు విండోస్‌వారి డీ డ్రైవునే చూపించును. యాభై జీబీల ఆట రాత్రంతయు దిగును. ఉదయము ప్లే నొక్కగా, బటను ఒక్క క్షణము రంగు మారి మరల మొదటి స్థితికే వచ్చును. ఏ సందేశమును రాదు, ఏ తెరయు తెరుచుకొనదు. ఆతడు ఆటను తీసివేసి మరల దించుకొనును, మరల అదే గతి. కారణము చాల చిన్నది. డీ డ్రైవు ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో నుండును; ప్రోటాన్ తన పనికొరకు సృష్టించుకొను ఫైళ్ల పేర్లలో ఆ పద్ధతికి సరిపడని గుర్తులుండును. ఆటలను ఈఎక్స్‌టీ4 వంటి లినక్సు పద్ధతిలోని పార్టిషనులో ఉంచినచో ఆ చిక్కే రాదు. ఎవరును చెప్పనందువలన ఎన్ని రాత్రుల డేటా ఇట్లు వృథాయైపోయినదో!

మరికొన్ని జాగ్రత్తలు. క్రొత్త ఆటను మొదట తెరచునప్పుడు షేడర్లు సిద్ధమగుచున్నవని స్టీమ్ చెప్పుచు కొన్ని నిమిషములు గడపవచ్చును. విసిగి దాటవేయువారికి ఆటలో అడుగడుగున కుదుపులు తగులును, కావున మొదటిసారి ఓపిక పట్టుడు. ఎక్కడినుండియో తెచ్చిన దొంగకాపీలను వైన్‌లో నడుపబోవుట కూడదు. వైన్ మీ హోమ్ ఫోల్డరును చూడగలదు గనుక, ఆ కాపీలో దాగిన చెడు ప్రోగ్రామునకు మీ ఫైళ్లు అందుబాటులో నుండును. ఆట తెరుచుకొననిచో సుడో పెట్టి, అనగా సర్వాధికారములతో, నడుపుమని ఎవరైన సలహా యిచ్చినను వినకుడు. ఎపిక్‌లోను గాగ్‌లోను కొన్న ఆటలు మీకున్నచో, హీరోయిక్ అను ప్రోగ్రామును ఫ్లాట్‌హబ్ నుండి వేసుకొనుడు. రెండు అంగళ్ల ఆటలును ఒకచోటనే కనబడును.

6. నడువని ఆటలను తెలిసికొని, వాటికొరకు కాలము వ్యర్థపరచకుడు.

వాలరెంట్, ఫోర్ట్‌నైట్, లీగ్ ఆఫ్ లెజెండ్స్: ఇవి లినక్సుపై నడువవు. మోసగాళ్లను పట్టుటకై ఈ ఆటల తయారీదారులు వాడు కాపలా ప్రోగ్రాములు లినక్సును అనుమతింపవు. వానిలో వాన్‌గార్డ్ వంటివి విండోస్ అంతర్భాగమైన కెర్నెలులోనే కూర్చుండి పనిచేయును. లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఏండ్లతరబడి వైన్‌పై నడచి, 2024లో వాన్‌గార్డ్ వచ్చిన పిమ్మట ఆగిపోయినది. అపెక్స్ లెజెండ్స్ తయారీదారులు మొదట లినక్సును అనుమతించి, 2024 చివరిలో ఆ యనుమతిని ఉపసంహరించిరి. దీనినిబట్టి తెలియవలసినదేమన, ఆన్‌లైన్ పోటీ ఆటలలో వేషములకును ఆయుధములకును డబ్బు పోయుటకు ముందు లినక్సు వాడువారు రెండుమార్లు ఆలోచింపవలెను. అడ్డదారిని ఆ కాపలా ప్రోగ్రామును ఏమార్పజూచినచో మీ ఖాతానే శాశ్వతముగా నిషేధింపగలరు.

అయినచో స్నేహితులతో ఆడుట యెట్లు? శనివారపు రాత్రి ఆ గదిలోనే సంభాషణ ఈ విధముగ సాగవచ్చును.

"మామా, రాత్రికి వాలరెంట్‌కి వస్తావా?"

"నా దాంట్లో అది రాదు మామా. సీఎస్ 2 వస్తుంది, డోటా 2 వస్తుంది. ఏది ఆడదాం?"

ఆ రెండవ వాక్యము ఎంత ముఖ్యమో గమనించితిరా? లేదని చెప్పి ఊరకున్నచో సంభాషణ అక్కడనే ముగియును. ఉన్నదేమో చెప్పినచో కొనసాగును. కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 రెండును ఉచితములు; రెండింటికిని లినక్సు రూపములు కలవు; విండోస్‌లోనున్న మిత్రునితో లినక్సులోనున్న మీరు ఒకే జట్టులో ఆడవచ్చును. ఇంటర్నెట్టు సరిగా లేని హాస్టలైనచో, సూపర్ టక్స్ కార్ట్ వేసుకొని, ఒకే వైఫైలో నలుగురు కలిసి కార్ల పందెము పెట్టుకొనవచ్చును. ఇంత జరిగినను వాలరెంటే కావలెనని మనసు పట్టుబట్టినచో, విండోసును వేరొక పార్టిషనులో ఉంచుకొనుట తప్పు కాదు. అది ఒక ఆటకొరకు చేసికొన్న యేర్పాటు. లినక్సును విడిచిపెట్టుట కాదు.

7. ఇంట చిన్నపిల్లలున్నచో వారికి వేరుగ ఒక ఖాతా తెరవుడు.

ఫోను చేతికిచ్చి, ప్రకటనల నడుమ వచ్చు ఆటలను ఆడనిచ్చుటకంటె, పాత ల్యాప్‌టాపులో జీకాంప్రీ వేసి యిచ్చుట ఎన్నియో రెట్లు మేలు. రెండేండ్ల పిల్లలు మొదలుకొని పదేండ్ల పిల్లలవరకు ఉద్దేశింపబడిన ఆ సంపుటిలో మౌసు పట్టుట నేర్పు ఆటలు, కూడికలు, తీసివేతలు, గడియారము చూచుట, చదరంగము మొదలైనవన్నియు ఉన్నవి. ప్రకటన యొక్కటియు లేదు, కొనుగోలు బటను లేదు. కాస్త ఎదిగినవారికి పెంగ్విన్ గెంతుచు సాగు సూపర్ టక్స్ ఇయ్యవచ్చును. చదరంగముపై మనసు పడిన పిల్లలుండిరా, ప్రపంచమునందలి గ్రాండ్‌మాస్టర్లే అభ్యాసమునకు వాడు స్టాక్‌ఫిష్ ఇంజను మూలకోడుతో సహా ఉచితముగా దొరకుచున్నదను మాట మరువకుడు. కోనేరు హంపి, హారిక, హరికృష్ణ, అర్జున్ ఎరిగైసి వంటివారిని కన్న నేలయందు, ఆ ఇంజను ఒక్క రూపాయియు ఖర్చు లేక ప్రతి పాత కంప్యూటరులోను పనిచేయగలదను విషయము ప్రతి తల్లిదండ్రులకును తెలియవలెను. అయితే ఇంజను బలమును మొదట బాగుగ తగ్గించి పెట్టుడు. లేనిచో పిల్లవాడు వరుసగా ఓడి, బల్లనే మూసివేయును.

ఇక మీతో ఒక మాట మనవి చేయవలసియున్నది. మీరు ఒక ఆటను నడిపించుకొన్నప్పుడు, లేక ఎంత పెనగినను నడువనప్పుడు, పది నిమిషములు వెచ్చించి ఆ సంగతిని ప్రోటాన్‌డీబీలో వ్రాయుడు. ఏ లినక్సు, ఏ సంచిక, ఏ గ్రాఫిక్స్ కార్డు, ఏ డ్రైవరు, ఏ ప్రోటాన్‌తో ప్రయత్నించితిరి, ఏ ఘట్టమున ఆగినది, ఏమి మార్చగా కదలినది, ఇంతమాత్రము చాలును. బాగుగనున్నదనియో బాగులేదనియో ఒక్క ముక్క వ్రాసి విడువకుడు, దానివలన ఎవరికిని ప్రయోజనము లేదు. మన కాలేజీలలో విరివిగా కనబడునవి ఖరీదైన గేమింగ్ యంత్రములు కావు, ఇంటెల్ చిప్పులు గల సాధారణ ల్యాప్‌టాపులు. అట్టి యంత్రమును చేతబట్టుకొని, ఈ ఆట కొనవచ్చునా కూడదా యని వెదకు విద్యార్థికి, అదే యంత్రముపై ఆడి చూచిన మీరు వ్రాసిన నాలుగు పంక్తులే అన్నిటికంటె ఎక్కువగ పనికివచ్చును.